పెరుమాళ్ళ నెత్తిమీద పైలట్ మంచం

ఆగండి ఆగండి, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి నేను చెప్పేది వినండి. మధ్యలో "ఫస్ట్ క్లాసులో పోయేవాళ్ళకేం కష్టాలమ్మా" అని మాత్రం అనకండి. గొడవంతా సీటుతో కాదు, సీటుకు పైన ఏముందన్నదానితో.

నా పేరు గోదా. పంతొమ్మిదేళ్ళు. చదువంతా చెన్నైలో, సెలవులకు తిరుపతిలో తాతావాళ్ళింట్లో. నాకు విమానాలంటే పిచ్చి. మా మిద్దె ఎక్కి నిలబడితే రేణిగుంటలో దిగేవి కనిపిస్తాయి, తల ఎత్తకుండా చప్పుడు విని ఏ రకమో చెప్పేస్తాను. విమానాల మీద నెట్‌లో ఒక పేజీ కూడా నడుపుతున్నాను. ఆరువందల పన్నెండు మంది చూస్తారు, అందులో ఒక పదిమంది మా క్లాసువాళ్ళే, సరే, అది వదిలేయండి.

మా తాత పేరు సంపత్కుమార్. డెబ్బై రెండేళ్ళు. ఆగమం చెప్పే పాఠశాలలో నలభై ఏళ్ళు పంతులుగా పనిచేశారు. కొత్త గుడి కట్టినప్పుడు ప్రతిష్ఠ చేయిస్తారు కదా, అట్లాంటివి ముప్ఫై ఒకటి చేశారు. కానీ ముప్ఫై ఒక్కసార్లూ పక్కన నిలబడి మంత్రం అందించినవారే. నడిపించే ఆచార్యుడికి కుడిచేతి మణికట్టుకు కంకణం కడతారు. అది తాత చేతికి ఒక్కసారి కూడా పడలేదు. ఎప్పుడూ ఎవరో పెద్దవాళ్ళు వచ్చేవారు, లేదా ఎవరో పెద్దవాళ్ళ అల్లుడు వచ్చేవాడు. తాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తరు. అవ్వ మాత్రం నెలకోసారి ఎత్తుతుంది.

ఈ ఏడాది ఎండాకాలంలో పిలుపొచ్చింది. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న రవిచంద్ర అనే ఆయన, టొరంటోలో తన సరుకు కొనే నలుగురైదుగురితో కలిసి అక్కడ ఒక గుడి కట్టించాడు. నేరుగా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"సామీ, ఆచార్యులుగా మీరే రావాల. ఇంకెవుర్నీ అడగలా, అడగను కూడా."

తాత చాలాసేపు తన మణికట్టునే చూసుకున్నారు. నేను చూశాను. తర్వాత అన్నారు, "నేనొస్తే మా పెరుమాళ్ళు కూడా వస్తాడు నాయనా."

పెరుమాళ్ళంటే తాత రోజూ ఆరాధించే సాలగ్రామం. వాళ్ళ తాత తాతల నాటిది, గుప్పెడంత ఉంటుంది, చందనం చెక్క పెట్టెలో ఉంటుంది. ఒక్కరోజు ఆరాధన తప్పినా తాత ముద్ద ముట్టరు. అందుకే పెరుమాళ్ళు లేకుండా ఊరు దాటి రెండో రాత్రి ఎక్కడా ఉండని మనిషి. తాత షరతులు రెండే. ఆ పెట్టెను ఎవరూ ముట్టుకోకూడదు. పెరుమాళ్ళు కూర్చున్నచోటికి పైన మనుషుల కాళ్ళు ఉండకూడదు. మా ఇంటికి పై అంతస్తు వేయకపోవడానికి కారణం కూడా అదే. పూజగది పైన మిద్దె మీద ఎవరూ అడుగు పెట్టకుండా చుట్టూ పూలకుండీలు పెట్టించారు. నేను విమానాలు చూసేది కూడా కుండీలకు ఈ పక్కనుంచే.

"అంతేనా సామీ! తలుపేసుకునే ఫస్ట్ క్లాసులో కూసోబెడతాను. మీరూ, మీ పెరుమాళ్ళూ, మూడో మనిషి ఉండడు," అన్నాడు రవిచంద్ర.

విమానం ఎంచే పని నాకొచ్చింది! నేనెంత గెంతానంటే అవ్వ వంటింట్లోంచి, "ఏమే, పోయేది ఆయనా నువ్వా?" అని అరిచింది. అవ్వ పేరు కుముదవల్లి. ఆమె మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది.

మరుసటి రోజు నేనూ తాతా బస్టాండు దగ్గర టికెట్ల ఆఫీసుకు వెళ్ళాం. నడిపేది ధనశేఖర్. రవిచంద్రకు అన్ని టికెట్లూ ఈయనే చేస్తాడు. చెన్నై నుంచి గల్ఫ్ దాకా నాలుగు గంటలు చిన్న విమానం, దానికి పైన రేకు తప్ప ఇంకేమీ ఉండదు, చింత లేదు. గల్ఫ్ నుంచి టొరంటో పద్నాలుగు గంటలు. అసలు కథ అక్కడుంది.

"రెండు రకాలుండాయి సామీ," అన్నాడు ధనశేఖర్, కంప్యూటర్ తెర మా వైపు తిప్పి. "బుధవారం, శుక్రవారం, ఆదివారం పోయేది ఎయిర్‌బస్ మూడు ఎనభై. ఇదో సూడండి, రెండంతస్తుల బస్సు మాదిరి ఉంటాది. గురువారం పోయేది ట్రిపుల్ సెవెన్. ఒకే అంతస్తు."

తాత చెయ్యి అడ్డం ఊపారు. "రెండంతస్తులా? పైన మనుషులు, కింద పెరుమాళ్ళా? వద్దు వద్దు. ఒకే అంతస్తుదే కానివ్వు."

ఇక్కడే. సరిగ్గా ఇక్కడే నేను నోరు తెరవాల్సింది.

నాకు తెలుసు కాబట్టి. ఆ విమాన కంపెనీ మూడు ఎనభైలో ఫస్ట్ క్లాస్ ఉండేది పై అంతస్తులో, ముందు భాగాన. కింద ఉండేది మామూలు సీట్లు. పెరుమాళ్ళు పైన, లోకమంతా కింద. తాతకు అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ ట్రిపుల్ సెవెన్‌లో కొత్త ఫస్ట్ క్లాస్ పెట్టారు. మొత్తం ఆరే గదులు, గోడలు నేల నుంచి కప్పు దాకా, తలుపు మూస్తే నిజంగా ఒక గది! మూడు ఎనభైలో గోడలు భుజం దాకానే. ఆ గది ఫోటో రెండేళ్ళుగా నా ఫోను తెర మీద ఉంది. తాత అందులో కూర్చుని నాకు ఒక్క వీడియో తీసి పంపితే నా పేజీ ఎక్కడికో పోతుంది. పైగా తలుపు గట్టిగా మూసుకుంటే మడికి మంచిదే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధమేం ఆడలేదు. ఊరికే ఉన్నానంతే.

గురువారానికి టికెట్ తీసేశాం.

తర్వాతి పది రోజులు మా ఇల్లు ఇల్లు కాదు. తాత మంత్రాలు మళ్ళీ మొదటినుంచి వల్లె వేస్తున్నారు, ముప్ఫై ఒకటి చేసిన మనిషి! కొత్త పట్టంచు పంచె తడిపి ఆరేసి మడత పెట్టి, మళ్ళీ విప్పి చూసుకుంటున్నారు. ఒకరోజు పాఠశాలలో తన దగ్గర చదువుకున్న బాలచంద్ర వచ్చి కాళ్ళకు మొక్కితే, "ఏమప్పా, నా చెయ్యి సన్నం గదా, కంకణం జారిపోదు గదా?" అని అడిగారు. ఇద్దరూ నవ్వుకున్నారు. తాత అట్లా నవ్వడం నేను చూడటం మాత్రం అదే మొదటిసారి.

ఇక మంగళవారం. ఎల్లుండి ప్రయాణం. పొద్దున పదకొండు గంటలకు తాత కోసం ఆ విమానం లోపలి బొమ్మ ఒకటి గీద్దామని కూర్చున్నాను. ఇక్కడ తలుపు, ఇక్కడ మీ గది, ఇక్కడ బాత్రూమ్ అని చూపించడానికి. కొలతల కోసం ఆ విమానాన్ని నిలువునా కోసినట్టు చూపించే బొమ్మ వెతికి పట్టుకున్నాను. చూశాను. ఇంకోసారి పెద్దది చేసి చూశాను.

ముందు తలుపు పక్కన సన్నటి మెట్లు. ఆ మెట్లు పైకి పోతున్నాయి. కప్పు లోపల, బయటికి కనపడకుండా, రెండు మంచాలు.

పద్నాలుగు గంటల ప్రయాణమంటే ఇద్దరు పైలట్లు నడుపుతుంటే ఇంకో ఇద్దరు నిద్రపోవాలి. వాళ్ళు పడుకునేది అక్కడ. ఫస్ట్ క్లాస్ కప్పు మీద. విమానాల పిచ్చిదాన్ని, పైలట్లకు మంచాలుంటాయని తెలుసు, ఎక్కడుంటాయో మాత్రం ఎన్నడూ చూడలేదు! తాత సీటు నెంబరుతో సరిపోల్చి చూశాను. సరిగ్గా పైన. ఒకే అంతస్తు అని ఎంచుకున్న విమానంలో పెరుమాళ్ళ నెత్తిమీద పైలట్ మంచం.

వంటింట్లోకి పరిగెత్తి అవ్వ చెవిలో చెప్పాను. అవ్వ చేతిలో గరిట అట్లాగే ఆగిపోయింది. తర్వాత గుసగుసగా మాట్లాడింది. అవ్వ గుసగుసగా మాట్లాడటం నేను పుట్టాక వినలేదు.

"ఎవురికి తెలుసు ఇది?"

"నాకు. నీకు."

"అంతే. ఇంగ మూసుకో నోరు. తెలిస్తే ఆయన పోడు. ముప్ఫై ఒక్క తూర్లు చూసినాను నేను, వట్టి చేత్తో ఇంటికొచ్చేది. ఈ తూరి పోనీ."

"అబద్ధం కదా అవ్వా."

"ఏం అబద్ధం? ఆయన అడగలేదు, నువ్వు చెప్పలేదు."

అది నేను పది రోజుల క్రితం నాకు చెప్పుకున్న మాటే. అవ్వ నోటినుంచి వింటే ఏదోలా ఉంది.

అన్నం తినలేదు. పేజీలో ఎవరో ఏదో అడిగితే జవాబివ్వలేదు. మూడు గంటలప్పుడు తాత హాల్లో కూర్చుని పెట్టెకు పసుపు రంగు గుడ్డ కొలుస్తున్నారు. నన్ను చూసి, ఏమీ అనుమానం లేకుండా, ఊరికే కబురాడినట్టు అడిగారు.

"ఏమ్మా గోదా, మన గదికి పైన కప్పే గదా? ఆ పైన ఆకాశమే గదా?"

అయిపోయింది. అవునని ఒక్క మాటంటే చాలు. అవ్వ గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"కాదు తాతా."

మాటలతో చెప్పడం చేతకాలేదు. ముగ్గుపిండి డబ్బా తెచ్చి హాలు నేల మీదే విమానం గీశాను, పొడుగ్గా. ఇదీ మీ గది. ఇవి మెట్లు. ఇవి రెండు మంచాలు. తర్వాత పక్కన ఇంకో విమానం గీశాను, లావుగా. ఇది మనం వద్దన్నది. ఫస్ట్ క్లాస్ ఇదిగో, పైన. దీనికి పైన ఏమీ లేదు. ఇది నాకు ఆ రోజే తెలుసు.

తాత ముగ్గు మీదికి వంగి చూశారు.

"ఆ పొద్దే తెలుసునా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలా?"

"ఆ గది వీడియో మీరు తీస్తారని... నా పేజీలో పెట్టుకోవాలని."

"ఎంతమంది సూస్తారు దాన్ని?"

"ఆరువందల పన్నెండు."

"ఆరునూర్ల మంది!" తాత నిజంగానే ఆశ్చర్యపోయారు. "అడిగుంటే ఏ విమానంలోనైనా తీసిచ్చేవాణ్ణి గదమ్మా."

అప్పుడు ఏడ్చాను. అవ్వ ఊరుకోలేదు, ముందుకొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మీరు మటుకు ప్రతిష్ఠ రోజు గుడి శిఖరం ఎక్కి కలశం నీళ్ళు పొయ్యరా? అప్పుడు కింద స్వామి లేడా? మీ కాళ్ళకైతే లేని దోషం ఆ పైలట్ కాళ్ళకొచ్చిందా?"

తాత తల ఊపారు. "మంచి ప్రశ్నే వేసినావు. అడిగి ఎక్కుతాం కుముదా. స్వామి అనుజ్ఞ తీసుకుని, పని కోసం ఎక్కి, పని కాగానే దిగుతాం. ఆడ పడుకునేదానికి ఎక్కం." మళ్ళీ తనే అన్నారు, "ఆ పైలట్‌ది తప్పేం లేదు, పాపం అలిసిపోయి పడుకుంటాడు. తెలిసి కూడా పెరుమాళ్ళను తీసుకుపోయి ఆయన కాళ్ళ కింద పెడితే తప్పు నాది."

"అయితే మీరు పోరా?"

"ఇంకో విమానం దొరికితే పోతాను. లేదంటే బాలచంద్ర పోతాడు. వాడికి అంతా వచ్చును."

చాలా మామూలుగా అన్నారు. కానీ ఆ పసుపు గుడ్డ మడత పెడుతుంటే అంచులు కలవడం లేదు. మూడుసార్లు పెట్టారు, మూడుసార్లూ వంకరే.

ధనశేఖర్‌కు ఫోన్ చేశాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"ఆగు పాపా ఆగు, ఊపిరి తీసుకో. ఏంది? పైలట్ మంచమా? నేను ఇరవై ఏండ్లుగా టికెట్లమ్ముతా ఉండాను, ఇట్ల అడిగినోళ్ళను ఇప్పుడే సూస్తా ఉండా." కీబోర్డు టకటకలు. "శుక్రవారం ఫస్ట్ క్లాసు నిండిపోయిండాది. ఇంగ ఆదివారం."

"శనివారం పొద్దున అక్కడ మొదలవుతుంది. అప్పటికి చేరిపోయి ఉండాలి."

"అయితే లేదు పాపా... ఉండు. ఉండుండు. రేపు. బుధవారం. ఒకే ఒక్కటి ఉండాది. రేపు మధ్యాన్నానికంతా చెన్నైలో మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో ఉండాల మీరు. సరేనా?"

తాత వైపు చూశాను. వేలితో ముగ్గు విమానం పై అంతస్తును చూపించి, ఇదేనా అన్నట్టు కళ్ళతో అడిగారు. అదే అన్నాను. "రేపైతే రేపే," అన్నారు.

"అయితే రవిచంద్రన్న సరే అనాల. ఆయన మాట లేకుండా టికెట్ మార్చలేను. ఫోను జేసి చెప్పించు, ఈలోగా ఎవురైనా తీసుకునేస్తే నన్ననొద్దు."

రవిచంద్ర ఫోన్ ఎత్తలేదు. రెండోసారి, ఐదోసారి. ఫ్యాక్టరీకి చేస్తే, మామిడికాయల లారీల మోత మధ్య ఎవరో అరిచి చెప్పారు, అన్న కాణిపాకం గుడికి పోయినాడు, ఫోన్ బయట కౌంటర్లో పెట్టి లోపలికి పోయుంటాడు అని. సెలవు రోజుల క్యూ! తాత గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. అవ్వ ముగ్గు విమానాల చుట్టూ నడుస్తోంది, తొక్కకుండా. నేను నిమిషానికోసారి ధనశేఖర్‌కు మెసేజ్ పెడుతున్నాను, ఉందా? ఉండాది. ఉందా? ఉండాది పాపా. ఉందా? ఉండాది, నన్ను టీ తాగనీ.

నలభై ఐదు నిమిషాలు. నా జీవితంలో అంత పొడుగు నలభై ఐదు నిమిషాలు లేవు.

ఫోన్ మోగింది.

"ఏం సామీ, ఇరవై రెండు కాల్సు! అందరూ బాగుండారా?"

తాత అంతా చెప్పారు. నా సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు, "తెలుసుకోకుండా తొందరపడినాను" అని తన మీదే వేసుకున్నారు. అవతల పెద్ద నవ్వు.

"రెండంతస్తులు వద్దన్నది మీరే, కావాలనేది మీరే! సామీ, నేను వినాయకుడి దగ్గర బయటికొచ్చి ఇంకా చెప్పులు కూడా వేసుకోలా. ఎట్ల గాదనేది? ధనశేఖర్‌కు ఇప్పుడే చెప్తా. కారు తెల్లారేసరికి మీ వాకిట్లో ఉంటాది."

ధనశేఖర్ మెసేజ్ ఇంకో ఆరు నిమిషాలకు వచ్చింది. *టికెట్ మార్చేసినా. పై అంతస్తు. సామిని నిదానంగా మెట్లెక్కమను.*

నేను ఎగిరాను, ముగ్గు విమానం మీదే పడ్డాను, ఒక రెక్క పోయింది. అవ్వ చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "రేపంటే రేపే అంట! పులిహోర కలపాల, పెట్టె సర్దాల, ఈ ముసిలాయనకు స్వెట్టరు కూడా లేదు," అని మామూలు గొంతుతో అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపు ఎంత హాయిగా ఉందో మీకు చెప్పలేను.

పంచాంగం చూస్తే బుధవారం బయలుదేరే వేళ బాగాలేదు. మంగళవారం సాయంత్రం వేళ బాగుంది. అందుకని తాత ఒక పంచె, ఉత్తరీయం మూట కట్టి ఆ వేళకు పక్కింటి చంద్రకాంతమ్మగారింట్లో పెట్టి వచ్చారు. మా వైపు అట్లా చేస్తారు, మూట గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తెల్లారి కారు ఆపి ఆ మూట తీసుకుని పుత్తూరు మీదుగా చెన్నైకి వెళ్ళిపోయారు, పెట్టె ఒళ్ళో పెట్టుకుని.

నేను రెండు రోజులు ఫోన్‌లో విమానం ఎక్కడుందో చూపించే చుక్కనే చూస్తూ కూర్చున్నాను. సముద్రం మీద చుక్క, మంచు మీద చుక్క. అది టొరంటోలో ఆగినప్పుడు అవ్వ, "దిగినాడా? పెరుమాళ్ళూ దిగినాడా?" అంది.

శుక్రవారం తాత ఫోన్ చేశారు.

"గోదా! నువ్వు చెప్పినట్టే ఆ విమానంలో స్నానాలగది ఉండాదే! వేణ్ణీళ్ళు! ఆకాశంలో తలస్నానం చేసి ఆరాధన చేసుకున్నా!"

"ఐదు నిమిషాలే నీళ్ళొస్తాయని చెప్పాను కదా తాతా."

"చెప్పినావు. నేను శ్లోకం పూర్తిగా చెప్పుకుంటా నిలబడినా. ఆగిపొయ్యె. ఒంటినిండా సోపు. విమానంలో పనిచేసే అమ్మాయి నవ్వి ఇంకోసారి వదిలింది, మంచి పిల్ల." గొంతు తగ్గించారు. "పైన తట్టి చూసినానమ్మా. ఉత్త కప్పే."

అడగకపోయినా వీడియో కూడా పంపారు. పదకొండు సెకన్లు, అందులో తొమ్మిది సెకన్లు ఆయన బొటనవేలు. పేజీలో పెట్టలేదు. దాచుకున్నాను.

ఆదివారం ఫోటో వచ్చింది. సన్నటి మణికట్టు, దానికి పసుపు దారంతో కంకణం. జారిపోకుండా ఎవరో రెండు చుట్లు ఎక్కువ తిప్పి కట్టారు. అవ్వ ఆ ఫోటోను వీధిలో అందరికీ చూపించి వచ్చింది, పాలవాడితో సహా.

అంతా బాగానే అయింది. కానీ అవ్వ ఇప్పటికీ అంటోంది, "నువ్వు చేసింది మంచిపనని అనుకోబాక. సీటు ఒకటి మిగిలింది కాబట్టి సరిపోయె. మిగలకుంటే?" నిజమే, మిగలకపోయుంటే, నేనన్న ఆ "కాదు తాతా" వల్ల ఆ చెయ్యి ముప్ఫై రెండోసారి కూడా వట్టిగానే ఉండేది. నోరు మూసుకుని ఉంటే, కంకణం ఎటూ పడేది, పైన ఏముందో తాతకు ఎప్పటికీ తెలిసేది కాదు.

సీటు దొరుకుతుందో లేదో తెలియని ఆ మంగళవారం మూడు గంటలకు, మా తాత పసుపు గుడ్డ చేతిలో పట్టుకుని అట్లా అడిగితే, మీరైతే ఏమని చెప్పేవారు?